మీ కుట్టుమిషన్ మాకు తెలుసు

మిషనమ్మకి ఒక గుణం ఉంది. ఫలానా పని నీకెందుకని ఎవరైనా అంటే చాలు, ఆ పని మీదే ఆమె మనసు పడుతుంది. చిన్నప్పుడు మేనమామ "నీకు సైకిలెందుకే" అన్నాడని, మోకాళ్ళు రెండూ కొట్టుకుపోయేదాకా పట్టుబట్టి నేర్చుకుంది. పెళ్ళయిన కొత్తలో అత్తగారు "ఇనప సామానుతో నీకేం పనమ్మా" అన్నారు. ఆ వారమే ఆమె ఒక కుట్టుమిషన్ తల మొత్తం విప్పి, ముక్కలన్నీ పాత దుప్పటి మీద వరసగా పరిచి, తిరిగి బిగించింది. చివర్లో ఒక మర మిగిలిపోయింది, అది వేరే సంగతి. మిషన్ మాత్రం తిరిగింది. ఆ రోజు నుంచి వీధిలో ఆమె అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు.

ఆమె భర్త కుట్టుమిషన్ల మెకానిక్. షాపు తెరుచుకుని గిరాకీ కోసం ఎదురుచూసే రకం కాదు, కాలికి బలపం కట్టుకుని ఇల్లిల్లూ తిరిగే రకం. సైకిలు వెనక తోలుసంచి, చెవి మీద పెన్సిలు, జేబులో నూనె డబ్బా. ఇంటి ముందుగదే ఆయన గోదాం. మూడు గోడలకీ కింది నుంచి పైదాకా చెక్క సొరుగులు. ఏ సొరుగులో ఏముందో రాసి అంటించే అలవాటు లేదాయనకి. లోపలున్న ముక్కల్లోంచి ఒకటి తీసి తీగతో సొరుగు ముందు కట్టేవాడు. బాబిను కట్టి ఉంటే బాబిన్లు, బెల్టు ముక్క కట్టి ఉంటే బెల్టులు. షటిళ్ళు, స్ప్రింగులు, పెడల్ కింద చీలలు, తయారుచేసిన కంపెనీలే మూతపడిపోయిన పాత మిషన్ల పళ్ళచక్రాలు కూడా అందులో ఉన్నాయి. ఇవన్నీ ఎవరికి కావాలని అడిగితే "అడిగే మనిషి ఎక్కడో ఉంటుంది లే" అని నవ్వేవాడు.

ఆయనకి ఇంకో అలవాటు ఉండేది. సాయంత్రం ఇంటికొచ్చి చేతులైనా కడుక్కోకుండా నోటుపుస్తకం ముందేసుకునేవాడు. ఆ రోజు వెళ్ళిన ప్రతి ఇంటి అడ్రసు, అక్కడున్న మిషన్ ఏ రకం, ఏం బాగుచేశాడు, ఈసారి ఏది పాడవుతుంది, అన్నీ గళ్ళు గీసి రాసేవాడు. చివరి గడి పేరు గమనిక. అందులో తన కోసం తను ఏదో రాసుకునేవాడు. అట్లాంటి పుస్తకాలు పదకొండు నిండాయి. రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాల్చిన మనిషి మళ్ళీ లేవలేదు. పన్నెండో పుస్తకం నాలుగు పేజీల దగ్గర ఆగిపోయింది.

మెకానిక్ తమ్ముడు, అంటే మిషనమ్మ మరిది, కంప్యూటర్ పని చేస్తాడు. ఇంట్లోనే మేడ మీది గదిలో ఉంటాడు. చెడ్డవాడు కాదు. అన్న పోయిన ఆరు నెలలకి, ఈ సామాను ఊరికే పడి ఉందని ఆన్‌లైన్ షాపు ఒకటి తయారుచేశాడు. ఒక్కో ముక్కకీ ఫోటో, ధర, బండి బొమ్మ, నొక్కితే ఇంటికి పంపే ఏర్పాటు, అంతా దివ్యంగా ఉంది. మిషనమ్మ పార్సిళ్ళు కట్టడం నేర్చుకుంది, ఆర్డర్ల పేజీ చూడటం నేర్చుకుంది. చూడటానికి ఆర్డర్లే లేవు. ఏడాది మొత్తం మీద తొమ్మిది వచ్చాయి. అందులో ఒకాయన పిల్లలు ఆడుకునే బొమ్మ మిషన్‌వి అనుకుని బాబిన్లు కొన్నాడట, తిప్పి పంపేశాడు.

మరిది ఫోన్లలో ప్రకటనలు కూడా వేశాడు.

"నాలుగువేల మంది చూశారు వదినా!" అన్నాడు ఒకనాడు మెట్లు దిగి వస్తూ.

"చూసినవాళ్ళలో కుట్టుమిషన్ ఉన్నవాళ్ళెంతమంది?"

"అదెట్లా తెలుస్తుంది?"

"అది తెలీకపోతే ఇంక తెలిసిందేమిటి నాయనా?"

మరిది మళ్ళీ మేడెక్కాడు.

అట్లా ఉండగా ఒక ఆదివారం అతను పాత ఇనుము కొనే వ్యాపారిని వెంటబెట్టుకొచ్చాడు. మిషనమ్మ వంటింట్లో ఉంది. ముందుగదిలో వాళ్ళిద్దరి మాటలు వినబడుతూనే ఉన్నాయి కానీ, ఎవరో పరిచయస్తుడనుకుంది. చేతులు తుడుచుకుని వచ్చేసరికి బేరం అయిపోయింది. మొత్తం సామాను తూకానికి. వచ్చే నెల ముప్పయ్యో తారీకున బండి వస్తుంది. గది ఖాళీ అయ్యాక జిరాక్సు షాపుకి అద్దెకిస్తారు. మిషనమ్మ వాళ్ళ అక్క దగ్గరికి వెళ్ళి, ఆవిడ మనవల్ని చూసుకుంటూ హాయిగా ఉండొచ్చు. ఇదంతా మరిది నవ్వుతూ, ఆమెకేదో ఉపకారం చేస్తున్నట్టే చెప్పాడు.

మిషనమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. అక్క మంచిదే, మనవలు ముద్దొచ్చేవాళ్ళే. కానీ ఆ ఇంట్లో తను ఎవరు? పాలు కాచడానికీ బట్టలు మడతపెట్టడానికీ పనికొచ్చే ఒక జత చేతులు. ఈ గదిలో ఆమెకి తెలియని సొరుగు లేదు. చీకట్లో చెయ్యి పెట్టినా ఏ షటిల్ ఏ మిషన్‌దో వేలికొసలతో చెప్పగలదు. ముప్పై ఏళ్ళు నేర్చుకున్న విద్య తూకానికి పోతోంది, ఆమె మాత్రం హాయిగా ఉండాలట.

"నెల రోజులు ఆగు. షాపు నడిపి చూపిస్తాను," అంది.

"ఏడాదికి తొమ్మిది ఆర్డర్లు వదినా. నడిపేదేముంది?"

"నెలలో నలభై తెస్తాను. తేలేకపోతే ఇంక నోరెత్తను."

నలభై అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకీ తెలియదు. మరిది జాలిగా చూసి సరేనన్నాడు.

ఆ మధ్యాహ్నమే పదకొండు పుస్తకాలూ దించి దుమ్ము దులిపింది. ఫోన్లో నాలుగువేల మందికి చూపించిన ప్రకటన ఎవరికి చేరిందో ఆ దేవుడికే తెలియాలి. ఇక్కడ మాత్రం మిషన్ ఉన్న ప్రతి ఇల్లూ గుమ్మంతో సహా రాసి ఉంది. వాళ్ళెవరూ కుట్టుమిషన్ బెల్టు కోసం ఫోన్లో వెతికే బాపతు కాదు. వాళ్ళ చేతికి ఏదైనా అందాలంటే పోస్టుమాన్ ఇవ్వాల్సిందే. కార్డు పంపిద్దాం, కార్డు మీద షాపు గుర్తు వేద్దాం, వాళ్ళే షాపులోకొస్తారు. ఇదీ ఆమె ఆలోచన.

"ఈ రోజుల్లో పోస్టుకార్డులా?" అని మరిది ముక్కున వేలేసుకున్నాడు. వీధి చివర అచ్చు ప్రెస్సాయనా అదే మాటన్నాడు. పోస్టాఫీసులో గుమాస్తా ఏమీ అనలేదు కానీ, యాభై కార్డులూ ఒక్కసారి చూసి కళ్ళజోడు సవరించుకున్నాడు.

మొదటి యాభై కార్డుల మీదా మరిది చెప్పినట్టే వేయించారు. పైన పెద్దక్షరాలతో "అన్ని రకాల విడిభాగాలు లభించును", కింద రంగురంగుల బొమ్మ. వారం తిరిగేసరికి ఒకే ఒక్క ఆర్డరు వచ్చింది. "చెప్పానా" అన్నట్టు మరిది కనుబొమలెగరేశాడు. మిషనమ్మ ఒక కార్డు తీసుకుని, తను కాక ఇంకెవరో అందుకున్నట్టు గుమ్మంలో నిలబడి చదివింది. చదవగానే చెత్తబుట్టలో వెయ్యాలనిపించింది. ఇది ఎవరికి రాసిన కార్డు? ఎవరికీ కాదు. తనకి కాని ఉత్తరాన్ని ఏ మనిషి దాచుకుంటుంది?

రెండోసారి బొమ్మ తీయించేసింది. పైన ఒక్క వాక్యం అచ్చు వేయించింది, "మీ కుట్టుమిషన్ మాకు తెలుసు." దాని కింద ఖాళీ. ఆ ఖాళీలో చేత్తో, ఆ ఇంటి మిషన్‌కి ఇప్పుడు ఏం కావాలో రాయాలి. బెల్టు మార్చి ఆరేళ్ళయితే బెల్టని, బాబిన్ కేసు అరిగిందని పుస్తకంలో ఉంటే బాబిన్ కేసని. అడుగున గళ్ళగళ్ళ క్యూఆర్ గుర్తు, దాని పక్కన "ఇంట్లో ఎవరి ఫోనైనా దీనికి ఎదురుగా పట్టండి, షాపు తెరుచుకుంటుంది" అన్న మాట. మూలన ప్రతి కార్డుకీ ఒక నంబరు. ఆర్డరిచ్చేటప్పుడు ఆ నంబరు వేస్తే ఏ ఇల్లో తెలుస్తుంది. మరిది గొణుక్కుంటూనే నంబరు గడి షాపులో చేర్చాడు.

అట్లా రాయాల్సిన ఇళ్ళు రెండువందల ఎనభై తేలాయి. రెండు రోజులు రాసేసరికి మిషనమ్మ వేళ్ళు వంకర్లు పోయాయి. అప్పుడు అత్తగారు కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నారు.

"ఇట్లా తే. నా దస్తూరీ నీకంటే నయం."

అది నిజమే. ఆవిడ అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. "పుస్తకంలో ఉన్నది చూసి కార్డు మీద రాసేయండి అత్తయ్యా" అని చెప్పి, మిషనమ్మ పార్సిలు డబ్బాల పనిలో పడింది. అత్తగారు మూడు రోజులు కిటికీ పక్కన కూర్చుని నూట ఇరవై కార్డులు రాశారు. అప్పుడప్పుడు తనలో తను నవ్వుకున్నారు, ఒకటి రెండుసార్లు కొంగుతో కళ్ళొత్తుకున్నారు. కొడుకు దస్తూరీ చూస్తుంటే ఆ మాత్రం ఉంటుందిలే అనుకుని మిషనమ్మ పలకరించలేదు. కార్డులన్నీ కట్టలు కట్టి పోస్టులో వేసింది.

నాలుగో రోజు పొద్దున మరిది మెట్లు రెండేసి చొప్పున దూకుతూ వచ్చాడు. చేతిలో ఫోను, ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"వదినా, ఏం రాశారు కార్డుల మీద?"

"ఏం రాస్తాం? బెల్టు, సూది..."

"ఇది చూడండి." ఎవరో కార్డుకి ఫోటో తీసి షాపుకి పంపారు. ముత్యాల్లాంటి అక్షరాలు. "బెల్టు మార్చాలి. నూనె వెయ్యమని మూడుసార్లు చెప్పాను. వెయ్యదు. మిషన్ మోత కంటే ఈవిడ గొంతు మోత ఎక్కువ."

మిషనమ్మ పుస్తకాలు లాగి చూసింది. అత్తగారు ఒక్క గడి కూడా వదల్లేదు. చివరి గమనికతో సహా, అక్షరం పొల్లు పోకుండా ఎక్కించేశారు. "భర్త బాగుచేస్తానని మిషన్ విప్పాడు. ఇంకోసారి ఆయన్ని దగ్గరికి రానివ్వకూడదు." "మిషన్ మీద తడిబట్టలు ఆరేస్తారు. తుప్పు వాళ్ళిష్టం." "మంచి మనిషి. టీ మాత్రం తాగకూడదు." "మిషన్ బంగారం. కుట్టే మనిషికి ఓపిక లేదు. సూదులు విరుస్తుంది." అట్లాంటివి నూట ఇరవై ఇళ్ళకి వెళ్ళాయి.

"అత్తయ్యా, ఈ చివరి గడి కూడా రాశారా?"

"మరి? పుస్తకంలో ఉన్నది రాయమన్నావుగా."

"ఇవి ఆయన తన కోసం రాసుకున్నవండీ!"

"నా కొడుకు రాసిన దాంట్లో ఒక్క ముక్క తీసెయ్యడానికి నాకు చేతులెట్లా వస్తాయి?" అన్నారు అత్తగారు. గొంతులో తప్పు చేసిన ఛాయలు లేవు. "అయినా వాడు అబద్ధం రాసే మనిషా?"

మరిది తలపట్టుకున్నాడు. షాపు పరువు గంగలో కలిసిందనీ, అందరికీ క్షమాపణ పంపి, ఇంతటితో మూసేద్దామనీ అన్నాడు. అన్నవాడు ఊరుకోకుండా క్షమాపణ రాసి తెచ్చాడు కూడా. "సాంకేతిక కారణాల వల్ల" అని మొదలైంది అది. మిషనమ్మ సగం చదివి పక్కన పెట్టింది. తప్పు జరిగిందని ఆమెకీ తెలుసు. కానీ అత్తగారిని పట్టుకుని సాంకేతిక కారణం అనడానికి ఆమెకి మనసొప్పలేదు.

ఆ మర్నాడు పదకొండు గంటలకి కర్టెన్లు కుట్టే ఆవిడ ఒకతె నేరుగా ఇంటికే వచ్చేసింది. మనిషి ఎత్తరి, భుజాన కొలత టేపు ఇంకా వేలాడుతూనే ఉంది. చేతిలో కార్డు. వస్తూనే ఒంటికాలి మీద లేచింది.

"ఎవరండీ ఇది రాసింది? నాకు ఓపిక లేదా? నేను సూదులు విరుస్తానా?"

మరిది ముందుకొచ్చి "అది సాంకేతిక..." అన్నాడు.

"మీరు పక్కకి తప్పుకోండి. ఎవరు రాశారు?"

"నేను," అన్నారు అత్తగారు కుర్చీలోంచి.

"నా కుట్టు మీరెప్పుడు చూశారు?"

"నేను చూడలేదు. మా అబ్బాయి చూశాడు. వాడి పుస్తకంలో ఉంది."

"అయితే ఆయన్నే పిలవండి. నా ముఖాన అనమనండి ఈ మాట. రెండేళ్ళు దాటింది మా ఇంటి గడప తొక్కి. అక్కడ మిషన్ మూలుగుతుంటే రాడు కానీ, కార్డులు మాత్రం రాయిస్తాడా? పిలవండి!"

అత్తగారు కిటికీ వైపు తిరిగారు. మిషనమ్మే చెప్పాల్సి వచ్చింది.

"ఆయన లేరండీ. పోయి రెండేళ్ళయింది."

కర్టెన్లావిడ మిషనమ్మ జరిపిన స్టూలు మీద కూలబడి, కార్డు ఒళ్ళో పెట్టుకుంది.

"నాకెవరూ చెప్పలేదు," అంది. "ఆఖరిసారి వచ్చినప్పుడు ఆయన మీద గట్టిగా అరిచాను. అర్జెంటు పని ఉండి, సూది విరిగి, ఆ చిరాకంతా ఆయన మీద చూపించాను. ఆ తర్వాత రాలేదు. నా మీద కోపమొచ్చి మానేశాడనే అనుకున్నానండీ ఇన్నాళ్ళూ. తప్పు నాదే కదా, ఏ ముఖం పెట్టుకుని కబురు చెయ్యను అని ఊరుకున్నాను."

"కోపమా?" అంది మిషనమ్మ. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి ఆమెకి. "ఆయనకి కోపమొస్తే పుస్తకంలో రాసుకునేవాడు, అంతే. మీ మిషన్ బంగారమని ముందు రాసి, ఆ తర్వాతే కదా మిమ్మల్ని అన్నాడు?"

ఆవిడ కార్డు మళ్ళీ చదువుకుంది. చదివి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"నిజమే లెండి. విరుస్తాను. మా ఇంట్లో అందరూ అంటారు." లేచి నిలబడింది. "రెండు డజన్ల సూదులివ్వండి. లావువి."

మిషనమ్మ సొరుగు తెరవబోయి ఆగింది. "ఫోనుందా మీ దగ్గర? ఇట్లా ఈ గళ్ళ మీదకి పట్టండి. షాపులో ఆర్డరిచ్చారంటే నాకు లెక్కకొస్తుంది." ఆవిడకి ఆ గొడవేమిటో అర్థం కాలేదు కానీ పట్టింది. షాపు తెరుచుకుంది. సందేశం అన్న గడిలో ఏదో టకటకా కొట్టి, సూదులు అందుకుని వెళ్ళిపోయింది. మరిది ఆ సందేశం పైకి చదివాడు. "ఇవి కూడా విరుస్తాను. ఏం చేసుకుంటారో చేసుకోండి."

ఆ రోజు మధ్యాహ్నం మిషనమ్మ అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేకపోయింది. రెండువందల ఎనభై ఇళ్ళు. ఒక్కరికైనా తను కబురు పెట్టిందా? బంధువులకి చెప్పారు, వీధిలో చెప్పారు. ఆయన తన జీవితంలో సగం గడిపిన ఆ ఇళ్ళకి మాత్రం ఎవరూ చెప్పలేదు. మిషన్ ఆగిపోయి, మెకానిక్ రాక, తమ మీదే అలిగాడనుకుని మిషన్ మీద దుప్పటి కప్పేసినవాళ్ళు ఇంకెంతమందో. అది తలుచుకుంటే ఆమెకి తన మీద తనకే కోపమొచ్చింది.

ఎంగిలి చెయ్యి కడుక్కుని మేడెక్కింది.

"నీ క్షమాపణ చింపెయ్యి. ఇంకో కార్డు వేయిద్దాం."

"ఇంకో కార్డా! వదినా, మీకేమైనా..."

"పిచ్చే అనుకో. రాసుకో, చెప్తాను."

ఆమె చెప్పింది, అతను రాశాడు. "మీ ఇంటికి వచ్చే మెకానిక్ ఇంక రారు. ఆయన పోయి రెండేళ్ళయింది. మీకు చెప్పకపోవడం మా తప్పు. ఆయన మీ మిషన్ గురించి రాసిపెట్టినవన్నీ మా దగ్గర ఉన్నాయి. ముక్కలూ ఉన్నాయి. ఏది పాడైనా మాకు చెప్పండి, పంపుతాం. మేమున్నాం." మరిది ఆఖరి మాట దగ్గర పెన్ను ఆపాడు. ముప్పయ్యో తారీకు తర్వాత మనం ఉండం కదా అన్న ప్రశ్న అతని ముఖంలో కనబడింది. మిషనమ్మ చూసీ చూడనట్టు మెట్లు దిగిపోయింది.

ఆ కార్డు అందరికీ వెళ్ళింది. కొన్ని "ఇల్లు మారిపోయారు" అన్న ముద్రతో తిరిగొచ్చాయి. కొన్నిటికి జవాబే లేదు. ఒకావిడ ఫోన్ చేసి, నా గొంతు మోత గురించి రాయడానికి మీకెంత ధైర్యమని పావుగంట సేపు, ఆ గొంతుతోనే, చెడామడా తిట్టి పెట్టేసింది. ఆర్డరివ్వలేదు. తిట్లన్నీ మిషనమ్మ మారు మాట్లాడకుండా విన్నది, అవి న్యాయంగా రావాల్సినవే.

మిగతావాళ్ళు మాత్రం ఒక్కొక్కరే షాపులోకి రావడం మొదలుపెట్టారు. మనవడి ఫోనుతో ఒకరు, పక్కింటావిడ ఫోనుతో ఒకరు. సందేశం గడిలో జవాబులు. "నూనె వేస్తున్నాను, వచ్చి చూసుకోండి. బెల్టు పంపండి." "మిషన్ విప్పింది నేనే. ఇంకోసారి విప్పాను. ఈ ఫోటోలో మిగిలిన ముక్క దేనిదో చెప్పగలరా?" ఆ ఫోటో చూడగానే మిషనమ్మ ఆ ముక్క పేరు చెప్పి, అది ఎక్కడ బిగించాలో బొమ్మ గీసి మరీ పంపింది. "మా ఇంటి టీకి ఏమొచ్చింది?" అని ఒకరు అడిగారు, కింద మూడు బాబిన్లకి ఆర్డరు. అత్తగారు అవన్నీ చదివించుకుని విన్నారు, వాడు రాసినవన్నీ నిజమేనని జనమే ఒప్పుకుంటున్నారు చూడమని కోడలితో అన్నారు.

నెల చివరికొచ్చేసరికి మిషనమ్మకి కాలూ చెయ్యీ ఆడలేదు. పొద్దున పార్సిళ్ళు, మధ్యాహ్నం పోస్టాఫీసు, సాయంత్రం జవాబులు. గుమాస్తా ఆమె కోసం కౌంటరు పక్కన బల్ల ఖాళీ చేసిపెట్టాడు. ఇంత చేసినా ముప్పయ్యో తారీకు పొద్దునకి లెక్క ముప్పైమూడు దగ్గర ఆగింది. ఆమె పేజీని నాలుగుసార్లు తిరగేసి చూసింది. ముప్పైమూడే.

పది గంటలకి బండి వచ్చి గుమ్మం ముందు ఆగింది. వ్యాపారి చేతులు రుద్దుకుంటూ లోపలికొచ్చి, కబుర్లేమీ లేకుండా దగ్గర్లో ఉన్న సొరుగు ఒకటి లాగి, మోసుకెళ్ళి బండిలో పెట్టాడు. రెండో దాని మీద చెయ్యి వేశాడు.

"దాని మీంచి చెయ్యి తియ్యండి," అంది మిషనమ్మ.

వ్యాపారి మరిది వైపు చూశాడు. మరిది నేల చూశాడు.

"వదినా, మీరే కదా అన్నారు నలభై అని. ముప్పైమూడు వచ్చాయి. చాలా కష్టపడ్డారు, కాదనను. కానీ మాటంటే మాటే కదా."

"అవును, అన్నాను."

"మరి?"

"మాట తప్పుతున్నాను."

ఆమె ఎంత మామూలుగా అన్నదంటే, వ్యాపారికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. మరిది నోరు వెళ్ళబెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక వదిన మాట తప్పడం అతను చూడలేదు.

"నలభై తేలేకపోతే నోరెత్తనని నీతో అన్నాను. ఎత్తుతున్నాను. నన్నేమన్నా అనుకో, పడతాను. మేమున్నామని ఆ ఇళ్ళన్నిటికీ రాసి పంపాం. నా పేరు మీద కాదు, మీ అన్న పేరు మీద. ఆయన రాలేదని రెండేళ్ళు ఎదురుచూసినవాళ్ళు వాళ్ళు. నిన్న ఆర్డరిచ్చినావిడకి నేను రేపు లేనని చెప్పలేను. ఇద్దరికి మాటిచ్చి ఒకరికి తప్పక తప్పదంటే, నీకే తప్పుతాను. నువ్వు ఇంటివాడివి, నాలుగు రోజులు అలిగి ఊరుకుంటావు."

"అద్దెకొస్తామన్నవాళ్ళకి నేనేం చెప్పను?"

"గదిలో మనుషులున్నారని చెప్పు."

వ్యాపారి గొంతు పెంచాడు. బండి అద్దె దండగ అన్నాడు, మనిషన్నాక మాట ఉండాలన్నాడు, రేపు మీరే కాళ్ళావేళ్ళా పడినా ఈ సొరుగుల్ని ముట్టుకోనన్నాడు. మిషనమ్మ సొరుగుల వరసకి అడ్డంగా నిలబడి అంతా విన్నది. అయినా కదల్లేదు. అత్తగారు కుర్చీ ఈడ్చుకొచ్చి కోడలి పక్కనే వేసుకుని, అందులో కూర్చుని వ్యాపారిని ఎగాదిగా చూశారు.

మరిది కాసేపు అటూ ఇటూ చూసి, బయటికి నడిచాడు. బండివాడితో ఏదో మాట్లాడుతున్నాడు. మిషనమ్మ, కూలీలని పిలుస్తున్నాడేమో అనుకుంది, నలుగురొస్తే తను ఒక్కతీ ఎంతని ఆపగలదు అనుకుంది, అయినా ఆపుతాను అనుకుంది.

మరిది లోపలికొచ్చాడు. రెండు చేతులతో, పొట్టకి ఆనించుకుని, బండిలోకి వెళ్ళిన సొరుగు మోసుకొస్తున్నాడు. పుట్టినప్పటి నుంచి ఈ ఇంట్లోనే ఉన్నవాడు, గది మధ్యలో నిలబడి మూడు గోడలకేసీ చూశాడు.

"ఇదెక్కడ పెట్టాలి వదినా?"

"కిటికీ పక్కన, కింది నుంచి రెండో వరస," అంది మిషనమ్మ. "మెల్లగా. పొద్దున వచ్చిన ఆర్డరు అందులోదే."